ఏటిగట్టు కింద ఇల్లు – పధ్నాలుగో భాగం: పాక వెనక ఊట

పోయిన వారం భవానిని పశువులపాక వెనక ఒంటరిగా వదిలేసి వచ్చాం. గోదావరి పొంగుమీద ఉన్నప్పుడు ఆడమనిషిని అలా వదిలేసి రావడం తప్పే, ఒప్పుకుంటున్నాను. ఎక్కడున్నామో ఓ నాలుగు ముక్కల్లో చెప్పుకుని ఆవిడ దగ్గరికి పరిగెడదాం.

ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చి రెండు రోజులైంది. లంకల్లో వాళ్లంతా గొడ్డూ గోదా, మంచాలూ, గ్యాసుబండలూ మోసుకుని ఏటిగట్టు మీదికి ఎక్కేశారు. గట్టుకి అవతల గోదావరి పాయ గౌతమి, ఇవతల గట్టుకింద పాలెం. పాలెంలో గట్టుని ఆనుకుని ఉన్న మొదటి ఇల్లు అంజిబాబుది, అంటే మన భవాని మొగుడిది. ఏటిలో నీళ్లు ఇప్పుడు వాళ్ల ఇంటి చూరు కన్నా ఎత్తున ఉన్నాయి. మధ్యలో అడ్డం ఉన్నది మట్టిగట్టు ఒక్కటే. ఆ గట్టు అడుగున, తమ పాక వెనక, నేలలోంచి నీళ్లు ఊరడం మధ్యాహ్నం అన్నాలవేళ భవాని చూసింది. వంగి చెయ్యి పెట్టింది. అక్కడ ఆపాం.

చేతిలోకి వచ్చింది బురద. చిక్కటి ఎర్రబురద. బురదలో జుట్టులాంటిది ఏదో వేళ్లకి చుట్టుకుంది. చచ్చిన ఎలకేమోనని కెవ్వుమని విదిలించింది. అది పోలేదు. తొట్టిలో నీళ్లతో చెయ్యి కడుక్కుని చూస్తే, కొబ్బరిపీచు. కుళ్లి నల్లబడిన పీచు.

ఇక్కడ ఓ మాట చెప్పాలి. వరద రోజుల్లో గట్టు చెమర్చడం పాలెంలో ఎవరికీ వింత కాదు. అవతల అంత నీరు నిలబడి నెడుతుంటే ఇవతల నాలుగు చోట్ల ఊట పుట్టకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ ఊట రంగు చూడాలి. తేటగా ఉంటే భయం లేదు, గట్టు నీటిని వడగట్టి పంపుతోందన్న మాట. బురదగా ఉంటే మాత్రం గట్టు లోపల్లోపలే కరిగి బయటికి వచ్చేస్తోందని అర్థం. ఇది భవానికి పదేళ్ల వయసులోనే తెలుసు. ఆవిడ పుట్టినూరూ గట్టుకిందే.

బురదే భయమనుకుంటే, పీచు ఇంకా భయం. మట్టిగట్టు పొట్టలోకి కొబ్బరిపీచు ఎలా వచ్చింది?

భవాని అక్కడే గోడకి చేరబడిపోయింది. వేసవిలో జరిగినదంతా ఒక్కసారి కళ్లముందుకి వచ్చింది. ఏప్రిల్‌లో కాలవలకి నీళ్లు ఆపేశాక కొబ్బరిమొక్కల మడి ఎండిపోతోందని అంజిబాబు ఏట్లో మోటారు పెట్టేడు. గొట్టం గట్టు మీంచి వేస్తే ట్రాక్టర్లు తొక్కేస్తున్నాయని గట్టునే అడ్డంగా కోసి, లోపలినుంచి గొట్టం వేసేడు. జూన్‌లో ఇంజినీరుగారు గట్టు చూడ్డానికి వస్తున్నారనగానే గొట్టం పీకేసేడు. ఆ నాలుగు రోజులూ భవాని ఇంట్లో లేదు, పలివెలలో చెల్లెలి పురుడికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి కోసినచోట పచ్చగా గరిక నాటి ఉంది. చూడముచ్చటగా ఉందని ఆవిడే మెచ్చుకుంది కూడా.

ఆ గరిక కింద ఏముందో అడగాలని అప్పుడు తోచలేదు. ఇప్పుడు అడగాలి. అడగడానికి ఇంట్లో ఉన్నది ఒక్కర్తే.

అత్తగారు అప్పాయమ్మ వీధి అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు చీరుతోంది. ఊరంతా సామాన్లు సర్దుకుంటుంటే ఈవిడ చీపుళ్లు కడుతోంది! గట్టు మీదికి రమ్మని పొద్దుటినుంచి ఎంతమంది చెప్పినా ఒకటే మాట, "నేను డెబ్బై ఏళ్లుగా చూస్తన్నాను, ఈ గట్టుకేం కాదు" అని. ఆవిడ కూర్చున్న అరుగు మట్టి కూడా ఆ గట్టుదే. ఆ మాటకొస్తే పాలెంలో ఏ అరుగు మట్టి గట్టుది కాదు గనక? గట్టు మనల్ని కాస్తోందని అందరం దణ్ణం పెడతాం. దాని మీద ధాన్యం ఆరబోస్తాం, దాని ఒంటికి పిడకలు కొడతాం, కొబ్బరికాయలు రాశులు పోస్తాం, గడ్డిమేట్లు వేస్తాం, పెళ్లికి షామియానా కట్టేదీ దాని మీదే. ఇల్లు అలకాలంటే గంపెడు మట్టి, దిగడానికి మెట్లు కావాలంటే నాలుగు పలుగు పోట్లు. ఎవరికి వాళ్లు కాస్త గిల్లుకుంటూనే ఉంటారు, ఎవరూ అనుకోరు తప్పని.

"అత్తా," అంది భవాని. "గట్టులో గొట్టం తీసేక ఆ కందకం దేంతో పూడ్చేరు?"

అప్పాయమ్మ తలెత్తలేదు. కత్తి మాత్రం ఆగింది.

"మట్టితో. మరి దేంతో పూడుస్తారే?"

"ఎక్కణ్ణించి తెచ్చేరు మట్టి?"

"నువ్వేవన్నా పోలీసువా? వచ్చి ప్రశ్నలేస్తన్నావు. అన్నం తిన్నావా ముందు?"

భవాని గుప్పిట విప్పింది. అరచేతిలో నల్లటి పీచు. అప్పాయమ్మ దాన్ని చూసింది, కోడలి మొహం చూసింది, మళ్లీ పీచు చూసింది. చేతిలో ఈనెలు ఒళ్లోకి జారిపోయాయి.

"ఎక్కడిదే?"

"పాక వెనక. గట్టు అడుగునుంచి వస్తంది. బురదతో పాటు."

అప్పాయమ్మ వీధి వైపు ఓసారి చూసుకుంది.

"కొబ్బరి డొక్కలు నేనే వేయించేను," అంది మెల్లిగా. "వాడి తప్పేం లేదు. బంకమట్టి పంపుతానన్న ట్రాక్టరువాడు రాలేదు. తెల్లారితే ఇంజినీరు వచ్చేస్తన్నాడు. కందకం నోరు తెరుచుకుని ఉంది. మన పెరట్లో డొక్కల గుట్ట ఉంది కదా, వేసి తొక్కెయ్యరా, పైన రెండడుగులు మట్టి పోసి గరిక నాటెయ్యి, అన్నాను. వాడు ఒద్దనే అన్నాడు. నేనే ఇన్లేదు."

"గట్టులో డొక్కలేంటత్తా!"

"ఎందుకలా అరుస్తావు? ఈ కోనసీమలో గుంట కనబడితే డొక్కలెయ్యనివాడు ఎవడే? మన వాకిలి కింద ఏవుంది? డొక్కలే. మీ మావగారు ఆ బురదగుంట పూడ్చి పాక వేసింది దేని మీద? డొక్కల మీదే. ముప్పై ఏళ్లయింది. కుంగిందా? పోనీ ఒంగిందా?"

"వాకిలికి అవతల గోదారి లేదత్తా."

ఆ మాటకి అప్పాయమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే కోడలి మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యి గానీ పట్టు ఇనప పట్టే.

"చెప్పకు. ఎవరికీ చెప్పకు. మనిద్దరం నాలుగు బస్తాలు ఇసక తెచ్చి ఆ బొక్క మీద వేసేద్దాం. పైన ఎంతమంది ఉన్నారో చూసేవా? పిల్లాజెల్లా అంతా అక్కడే ఉంది. వాళ్ల కాళ్ల కింద గట్టు మెత్తబడిందనీ, దానికి కారణం మా అంజి అనీ తెలిస్తే, వాణ్ణి అక్కడికక్కడే చంపేస్తారే. బతికినా జైలే. నీ నుదుటి బొట్టు గురించి చెప్తన్నాను, ఆలోచించుకో."

భవాని ఆలోచించలేకపోయింది. పైనేమో మూడొందల మంది, ఇవతలేమో తన మొగుడు. తను నోరు తెరిస్తే మొగుడు పోతాడు, తెరవకపోతే ఊరు పోతుంది. ఊరు పోతే అందులో మొగుడూ ఉంటాడు కదా అన్న తెలివి ఆ క్షణాన రాలేదు పాపం. భయంలో ఎవరికి మాత్రం వస్తుంది?

అప్పుడే పాక పక్కనుంచి "అప్పాయమ్మప్పా! ఉన్నావా?" అని కేక వినబడింది.

వచ్చినవాడు చిన్నబ్బాయి. పేరుకే చిన్నబ్బాయి, మనిషికి అరవై నిండబోతున్నాయి. మూడు కిలోమీటర్ల గట్టుని కనిపెట్టుకుని తిరిగే లస్కరు. ఖాకీ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, చేతిలో ఇనప పొన్ను వేసిన కర్ర. రెండు కళ్లలోనూ శుక్లాలు. వరదలు వెళ్లేక ఆపరేషన్ చేయించుకుంటానని రెండేళ్లుగా అంటున్నాడు. ఆ సంగతి ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోతుందని పాలెం మొత్తం దాచిపెట్టింది. ఆయన దారిలో ఎవరింటి వెనక ఊట ఉంటే వాళ్లే రంగు చూసి చెప్పాలి, ఆయన నమ్మాలి. ఇన్నాళ్లూ అలాగే నడిచింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఎవరికీ పడలేదు.

"మీ పాక వెనక తడిగా తగుల్తోందప్పా కాళ్లకి," అన్నాడు చిన్నబ్బాయి. "ఊటేనా? ఎలా ఉంది?"

"తేటగా ఉందిరా తమ్ముడూ," అంది అప్పాయమ్మ తడుముకోకుండా. "కొబ్బరినీళ్లలా ఉంది. తాగొచ్చు."

చిన్నబ్బాయి తలూపి, భవాని ఉందనుకున్న వైపు మొహం తిప్పాడు. ఆ తెల్లబడిన కళ్లు ఆవిడ భుజం మీంచి ఎటో చూస్తున్నాయి.

"నువ్వూ చూసేవా తల్లీ?"

భవాని మణికట్టు మీద అత్తగారి వేళ్లు బిగిశాయి.

"ఆయ్," అంది.

అంతే. ఒక్క మాట. చిన్నబ్బాయి "హమ్మయ్య, బతికించేవమ్మా" అని గట్టెక్కడానికి మెట్ల వైపు వెళ్లిపోయాడు. కర్ర చప్పుడు టక్కు టక్కుమని పైకి పోతుంటే భవాని అక్కడే నిలబడి వింటోంది. చప్పుడు ఆగింది. పైనుంచి ఆయన గొంతు, కేకేసి ఎవరికో చెప్తోంది.

"హరిబాబూ! అక్కడ బురదలో ఎందుకయ్యా పడుంటం? మీవాళ్లందర్నీ ఇలా తీసుకొచ్చేయండి. ఇదిగో, అంజిబాబు పాకకి పైనున్న జాగా గట్టిగా ఉంది. కింద ఊట తేటగా ఉందంట, ఇప్పుడే కనుక్కుని వస్తన్నాను. ఇక్కడ పరుచుకోండి, ఏం భయం లేదు."

భవాని తలెత్తి చూస్తే, సరిగ్గా ఆ గరిక నాటిన చోటే హరిబాబు పెళ్లాం టార్పాలిను విప్పుతోంది. ఇంకెవరో మూడు గడలు నిలబెట్టి వాటికి చీర ఉయ్యాల కడుతున్నారు. ఉయ్యాలలో పడుకోబెట్టడానికి ఓ ముసలమ్మ చంటిబిడ్డని ఎత్తుకుని వస్తోంది. హరిబాబు లంకలో పడవ నడిపేవాడు, పదిమందిని పోగుచేసి తెచ్చేవాడు. ఆయన వస్తే ఆయన వెనక ఇంకో నాలుగు కుటుంబాలు వస్తాయి. వచ్చేస్తున్నాయి కూడా, మంచాలు నెత్తిన పెట్టుకుని.

"వదులత్తా," అంది.

"ఒసేయ్ భవానీ, నా మాట విను—"

"వదలమంటన్నానా! ఆ బిడ్డని చూడు!" అని విదిలించుకుని మెట్లెక్కింది. నిజం చెప్పాలంటే ఎక్కిందో పాకిందో ఆవిడకే తెలీదు. మోకాళ్లు రెండుచోట్ల దోక్కుపోయాయి.

చిన్నబ్బాయి ఇంకా నాలుగు అడుగుల దూరమే వెళ్లాడు. భవాని ఆయన చొక్కా పట్టుకుని ఆపి, అరచేతిలో పీచు ఉండ పెట్టింది.

"తేట కాదు బాబాయ్. బురద. నేను అబద్ధం చెప్పేను. ఈ పీచు దాంట్లోంచే వచ్చింది. గొట్టం తీసిన కందకంలో మట్టి లేదు, డొక్కలున్నాయి."

చిన్నబ్బాయి పీచుని వేళ్లతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తిడతాడనుకుంది, కొడతాడేమో అనుకుంది. ఆయన అవేమీ చెయ్యలేదు.

"జూన్‌లో నేనూ వచ్చి కర్రతో పొడిచి చూసేనమ్మా," అన్నాడు నెమ్మదిగా. "పైన గట్టిగా తగిలింది. బాగానే పూడ్చేడని రాసి ఇచ్చేసేను." ఆ వెంటనే గొంతు పెంచి అరిచాడు. "హరిబాబూ! పాము! రక్తపింజర! ఆ గరికలోకి దూరింది, పిల్లల్ని తీసుకుని అవతలికి పొండి! అందరూ పొండి!"

వరదలో పాము అంటే నమ్మనివాడు ఉండడు. అరనిమిషంలో టార్పాలిను, ఉయ్యాల, మంచాలు, మనుషులు అన్నీ ఇరవై గజాలు అవతలికి జరిగిపోయాయి. గండి మాట ఒక్కరి నోట వచ్చినా తొక్కిసలాటలోనే సగంమంది పోయేవారు. ముసలాయనకి కళ్లు లేకపోయినా బుర్ర ఉంది.

"కింద ఊట మీద బస్తాలేసి మూసేద్దామంటంది అత్త," అంది భవాని.

"మూయకూడదు. కింద నోరు మూస్తే పక్కన ఇంకోచోట పగుల్తుంది. ఏటివైపు నోరెక్కడుందో వెతికి, అక్కడ కుక్కాలి. గడ్డి, టార్పాలిను, ఏదైనా సరే. గొట్టం ఇక్కణ్ణించి ఏట్లోకి తిన్నగా దిగిందా?"

"నాకు తెలీదు బాబాయ్."

"ఎవరికి తెలుసు?"

ఎవరికి తెలుస్తుంది, వేసినవాడికే. అంజిబాబు అరకిలోమీటరు ఎగువన, ఊరంతా బలహీనమని అనుకునే మలుపు దగ్గర, ఇసక బస్తాలు మోస్తున్నాడు. మూడు రోజులుగా అక్కడే ఉన్నాడు. రాత్రీ పగలూ, తిండీ నిద్రా లేకుండా. అందరూ 'అబ్బ, అంజిబాబు ఏం కష్టపడుతున్నాడయ్యా' అని మెచ్చుకుంటున్నారు. భవాని పరుగున వెళ్లి ఆయన ఎదురుగా నిలబడి, చిన్నబ్బాయి చేతిలోంచి లాక్కొచ్చిన పీచు చూపించింది. అంజిబాబు భుజం మీద బస్తా అలాగే కిందికి జారిపోయింది.

"ఎంతసేపయింది?"

"గంట పైనే."

"బురదా?"

"ఆయ్."

"నేనటు రాలేకపోయేనే," అన్నాడు అంజిబాబు. "మూడు రోజుల్నించీ ఇవాళ వెళ్లి చూడాలి, ఇవాళ వెళ్లి చూడాలి అనుకుంటన్నాను. కాళ్లు ఇటే తీసుకొచ్చేస్తన్నాయి. చూస్తే ఊట ఉంటదేమోనని భయం."

భవానికి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ రెండింటికన్నా జాలి వచ్చింది. "ఇప్పుడు పద," అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

వాళ్లొచ్చేసరికి పాము లేదని హరిబాబుకి అర్థమైపోయింది. నలుగురు మగాళ్లని వెంటేసుకుని చిన్నబ్బాయి చుట్టూ నిలబడ్డాడు.

"ఏంటండీ ఇది? కింద మా ఆవిడ చూసొచ్చింది, నేల ఉడుకుతున్నట్టు బురద పొంగుతోందంట. ఎవరు చేసేరు ఈ పని?"

"నేను," అన్నాడు అంజిబాబు. "గట్టు కోసింది నేను. డొక్కలేసి పూడ్చిందీ నేనే." తల్లి పేరు ఎత్తలేదు. "నన్ను ఏం చెయ్యాలన్నా తర్వాత చేద్దురు గాని. ముందు మోకు ఇవ్వండి."

హరిబాబు పిడికిలి బిగించాడు. ఆయన వెనకున్న ఒకడు బూతు తిట్టి ముందుకి రాబోతే చిన్నబ్బాయి కర్ర అడ్డం పెట్టాడు. "వాణ్ణి కొడితే నోరు ఎక్కడుందో నువ్వు చెప్తావా?" అన్నాడు. వాడు ఆగిపోయాడు.

అంజిబాబు గొట్టం తిన్నగా వెయ్యలేదు. ఏటివైపు దిగాక మడుగు నీళ్లు అందాలని కిందివైపుకి ఏటవాలుగా తిప్పాడు. రేవుమెట్ల నుంచి తొమ్మిది బారలు, ఇప్పుడు అక్కడ నిలువు లోతు పైన నీళ్లు. కళ్లతో చూసి కనిపెట్టేది కాదు, కాళ్లతో తడమాలి. కొబ్బరిచెట్లు ఎక్కేవాళ్ల మోకు రెండు పేటలు చేసి అంజిబాబు నడుముకి కట్టారు. పట్టుకోవడానికి ఎనిమిది మంది నిలబడ్డారు. అందరికన్నా ముందు భవాని నిలబడింది. ఆడమనిషివి, తప్పుకోమన్నారు. తప్పుకోలేదు. చిన్నబ్బాయి ఇవతలి అంచుకి వెళ్లి కిందికి కేకేశాడు.

"అప్పాయమ్మప్పా! ఊట దగ్గరే నిలబడు! తగ్గితే తగ్గిందని, పెరిగితే పెరిగిందని అరువు! ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు!"

అంజిబాబు గడ్డిమోపుని టార్పాలిను ముక్కలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. దిగేముందు భవాని వైపు చూశాడు. నీళ్లు ఎర్రగా, మందంగా, చెత్తా చెదారం తిప్పుకుంటూ పోతున్నాయి. నడుము దాకా దిగాడు, గొంతు దాకా దిగాడు, మునిగాడు.

భవాని లెక్కపెట్టింది. ముప్పై దాకా పెట్టేసరికి తల బయటికి వచ్చింది.

"దొరకలేదు!" అని మళ్లీ మునిగాడు.

ఈసారి నలభై. మోకు చేతుల్లో కొంచెం కొంచెంగా జారుతోంది, ఏటి వాలుకి కిందికి. పైకి లేచాడు. దగ్గుతున్నాడు. కళ్లు పెద్దవైపోయాయి.

"ఉంది! కాలికి తగిలింది. లాగుతోంది బాబాయ్, గట్టిగా లాగుతోంది! మోపు కుక్కేస్తాను. మోకు వదలొద్దు!"

"కాలు పెట్టకురా, మోపు ముందు పెట్టు!" అని చిన్నబ్బాయి అరుస్తూనే ఉన్నాడు, అంజిబాబు మునిగిపోయాడు.

గట్టు మీద మూడొందల మంది ఉన్నారు. భవాని మళ్లీ లెక్కపెడుతోంది. ఇరవై. ముప్పై. మోకు ఒకసారి వదులైంది, మళ్లీ బిగిసింది. నలభై. అప్పుడు దాని వాలు మారిపోయింది. ఇంతసేపూ ఏటి వడికి కిందికి లాగుతున్న మోకు ఇప్పుడు తిన్నగా లోపలికి, తమ కాళ్ల కిందికి, గట్టులోకి లాగుతోంది. భవాని అరచేతులు కాలిపోయాయి. వెనకవాళ్లు అడుగు ముందుకి జారారు.

"లాగండి!" అని అరిచింది. "లాగండి, లాగండి!"

ఎనిమిది మందీ లాగారు. మోకు అంగుళం కూడా రాలేదు.

సరిగ్గా అప్పుడు గట్టు కిందనుంచి అప్పాయమ్మ గొంతు, ఆనందం పట్టలేక వణికిపోతూ వినబడింది.

"ఆగిపోయింది! ఒసేయ్ భవానీ, ఊట ఆగిపోయిందే! చుక్క రావట్లేదు! మా అంజి మూసేసేడే! నా తండ్రే, నా బాబే, మూసేసేడు!"

గట్టు మీద ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో దణ్ణం పెట్టారు. చంటిబిడ్డ తల్లి కాబోలు, బావురుమంది. పది బారల దిగువన, ఎర్రనీళ్ల మీద, టార్పాలిను చుట్టిన గడ్డిమోపు పైకి తేలి, మెల్లిగా తిరుగుతూ, ఏటివాలుకి వెళ్లిపోతోంది.

భవాని దాన్ని చూసింది. పక్కన హరిబాబు చూశాడు. వెనకవాళ్లూ చూశారు. చప్పట్లు కొట్టిన చేతులు ఆగిపోయాయి. మోపు నీళ్ల మీదుంటే గట్టు నోట్లో ఉన్నది ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. లాగితే మనిషి వస్తాడు. మనిషి వస్తే నీళ్లూ వస్తాయి.

"లాగండయ్యా," అంది భవాని. అరవలేకపోయింది, అడుక్కుంది. "మీ కాళ్లు పట్టుకుంటాను, లాగండి."

చేతుల్లో మోకు ఒక్కసారిగా బరువెక్కింది. వెనక పట్టుకున్నవాళ్లు వదిలేస్తున్నారు.